పికప్ బండిలో అదనపు సామాన్లకు కరెంట్ ఎక్కడి నుంచి తీయాలి: డైరెక్ట్ లైనా, ఫ్యూజు ట్యాపా, రిలేనా?

బొలెరో పికప్, దోస్త్, యోధ, ఇంట్రా... బండి ఏదైనా కానీ, షోరూం నుంచి వచ్చిన కొన్నాళ్లకే దానికి ఏదో ఒకటి తగిలిస్తారు. ముందు మొబైల్ ఛార్జర్, తర్వాత క్యాబిన్ ఫ్యాన్, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, వెనక సరుకు దించేచోట ఒక లైటు, బంపర్ మీద రెండు ఎల్‌ఈడీలు. షాపులో ఓనరు చెప్పేది ఒకే మాట: "కీ తిప్పితే రావాలి, కీ తీస్తే ఆగిపోవాలి." ఆ మాటను నిజం చేయడానికి మూడు నాలుగు దారులున్నాయి. ఏ దారి పట్టారన్న దాన్ని బట్టే పొద్దున్నే సెల్ఫ్ అందుకుంటుందా లేదా, డ్యాష్‌బోర్డు వెనక వైరు వేడెక్కుతుందా లేదా అన్నది తేలుతుంది. చాలా చోట్ల జరిగేది మాత్రం ఒకటే. చేతికందిన వైరు తొక్క గీకి, కొత్త వైరు మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు. ఆ పనిని నేనొక పద్ధతిగా లెక్కలోకి తీసుకోను. మిగతావాటి గురించే మాట్లాడతాను.

ముందే ఒక జాగ్రత్త. ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల బండ్లకే. పెద్ద లారీలు చాలావరకు 24 వోల్టులవి. లారీకి వాడే రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని కలిపే స్విచ్చు), బల్బు పికప్‌కి పనికిరావు, పికప్‌వి లారీకి పనికిరావు. షాపులో కొనేటప్పుడు పెట్టె మీద 12 అని చూసుకోండి.

కీ తిప్పితే అంటే ఎంత తిప్పితే?

కీకి మామూలుగా నాలుగు స్థానాలుంటాయి: ఆఫ్, ఏసీసీ (యాక్సెసరీ, అంటే అదనపు సామాన్ల స్థానం), ఆన్, స్టార్ట్. ఏసీసీలో స్టీరియో, సాకెట్టు లాంటివి మాత్రమే వస్తాయి. ఆన్‌లో ఇంజన్‌కు కావలసిన సర్క్యూట్లు, మీటర్ బోర్డు అన్నీ లేస్తాయి. స్టార్ట్‌కి తిప్పినప్పుడు సెల్ఫ్ మోటారుకి బ్యాటరీ బలమంతా అందాలి కాబట్టి ఏసీసీ లైను కాసేపు తెగిపోతుంది, సెల్ఫ్ కొట్టడం అయ్యాక మళ్లీ వస్తుంది. డ్యాష్‌క్యామ్ సెల్ఫ్ కొట్టగానే ఒకసారి ఆగి మళ్లీ మొదలైతే అది చెడిపోయినట్టు కాదు, ఏసీసీ మీద ఉందని అర్థం. ఆన్ లైను సాధారణంగా సెల్ఫ్ సమయంలో కూడా తెగదు. అప్పుడు కూడా రికార్డింగ్ ఆగకూడదనుకుంటే ఆ లైను పట్టుకోవాలి.

అందుకే వైరు ముట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని, మీరు పెట్టబోయే ప్రతి వస్తువూ ఎప్పుడు ఆగాలో రాసుకోండి. ట్రాకర్ ఎప్పుడూ ఆగకూడదు. దానికి బ్యాటరీ లైను ఒకటి, ఎర్త్ ఒకటి, కీ ఆన్ అయిందో లేదో కనిపెట్టే సన్నటి ఇగ్నిషన్ వైరు ఒకటి ఉంటాయి. ఆ మూడోదాన్నే కీ లైనుకు కలపాలి. మొత్తం ట్రాకర్‌నే కీ మీద పెడితే బండి ఆగిన చోట దొంగ ఎత్తుకుపోయినా మీకు కనబడదు. స్టీరియో, ఛార్జర్, ఫ్యాన్ ఏసీసీలో రావాలి. చిన్న ఫ్రిజ్, ఇన్వర్టర్ లాంటి పెద్ద తిండిగాళ్లు ఇంజన్ నడుస్తున్నప్పుడే పనిచేయాలి. రివర్స్ కెమెరాకి కీ లైనుతో పనే లేదు, వెనక రివర్స్ లైటు వైరు నుంచి తీసుకుంటే గేరు వేసినప్పుడే వస్తుంది.

మొదటి దారి: బ్యాటరీ నుంచి డైరెక్ట్, మధ్యలో ఒక స్విచ్చు

పని సులువు. బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజు హోల్డరు, అక్కడి నుంచి వైరు, డ్యాష్‌బోర్డు మీద స్విచ్చు. కంపెనీ వైరింగ్‌ని ముట్టుకోరు కాబట్టి వారంటీ తగాదా కూడా తక్కువ. లోపం ఒక్కటే, కానీ పెద్దది. మనిషి మరిచిపోతాడు. రాత్రి సరుకు దించి అలసిపోయి ఇంటికెళ్లిన డ్రైవరు వెనక లైటు స్విచ్చు ఆపాడో లేదో గుర్తుపెట్టుకోవాలనడం న్యాయం కాదు. 72 వాట్ల లైట్లు వెలుగుతూ ఉండిపోతే 6 ఆంపియర్లు లాగుతాయి, అంటే గంటకు 6 ఆంపియర్ అవర్ పోతుంది. పది గంటల్లో 60 ఆంపియర్ అవర్. మీ బ్యాటరీ 70 ఆంపియర్ అవర్‌ది అనుకున్నా పొద్దున సెల్ఫ్ తిరగదు. ఒకసారి పూర్తిగా దిగజారిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ చేసినా మునుపటంత నిలబడదు.

ఈ దారి ఎవరికి? ట్రాకర్‌కి, ఇంకా స్టీరియో మెమరీ వైరుకి. అంతే. లైట్లకీ ఫ్యాన్‌కీ ఈ పద్ధతి వద్దనే చెబుతాను.

రెండో దారి: స్టీరియో వెనక లేదా సాకెట్టు వెనక ఏసీసీ వైరు

స్టీరియోకి వచ్చే వైర్లలో సాధారణంగా పసుపు ఎప్పుడూ ఉండే లైను, ఎరుపు కీతో వచ్చేది, నలుపు ఎర్త్. సాధారణంగా అన్నాను. కొన్ని బండ్లలో పసుపు, ఎరుపు తారుమారై ఉంటాయి. రంగును నమ్మకుండా మీటరు పెట్టి చూడండి. కీ ఆఫ్‌లో సున్నా, ఏసీసీలో 12 వస్తేనే అది మీ వైరు. పాత సిగరెట్ లైటర్ సాకెట్టు విషయంలోనూ ఇదే. కొన్ని బండ్లలో అది కీ తీసినా వస్తూనే ఉంటుంది.

దీన్నుంచి ఒక డ్యాష్‌క్యామ్‌కో ఒక ఛార్జర్‌కో కరెంట్ తీసుకుంటే ఇబ్బంది లేదు. డ్యాష్‌క్యామ్ అర ఆంపియర్ లోపే తీసుకుంటుంది, ఫాస్ట్ ఛార్జర్ ఒకటిన్నర నుంచి రెండు. అంతకు మించితే మీరు వాడుతున్నది స్టీరియో కోసం కంపెనీ లెక్కగట్టి వేసిన సన్నటి వైరు. పైగా ఫ్యూజు కొట్టేస్తే పాటలూ పోతాయి, మీ పరికరమూ పోతుంది. ఏది షార్ట్ అయిందో వెతకడానికి రోజు పడుతుంది.

మూడో దారి: ఫ్యూజు ట్యాప్

చిన్న పనులకు నాకు నచ్చే దారి ఇదే. ఫ్యూజు బాక్సులో కీతో వచ్చే ఒక ఫ్యూజు తీసి, ఆ స్థానంలో రెండు ఫ్యూజులు పట్టే ట్యాప్ గుచ్చుతారు. పాత సర్క్యూట్‌కి పాత ఫ్యూజు, మీ కొత్త వైరుకి కొత్త ఫ్యూజు. వైరు కోయక్కర్లేదు, గీకక్కర్లేదు. బండి అమ్మేటప్పుడు పీకేస్తే ఆనవాలు ఉండదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో సెన్సర్లు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) వైర్లు ఎక్కువ కాబట్టి ఈ శుభ్రత ఇంకా ముఖ్యం.

కానీ దీన్ని గుచ్చడంలో ఒక కిటుకుంది, చాలామంది వదిలేస్తారు. ఫ్యూజు తీసి కీ ఆన్ చేసి చూస్తే ఆ రెండు గాడుల్లో ఒకదాంట్లోనే 12 వోల్టులు వస్తాయి. అది కరెంట్ వచ్చే వైపు. ట్యాప్‌కి ఉన్న రెండు కాళ్లలో రెండు ఫ్యూజులకీ కలిసి ఉండే కాలు ఆ గాడిలోకే వెళ్లాలి. తిప్పి గుచ్చితే కొత్త లోడు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది, దాని మీద రెండింటి భారం పడుతుంది. సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడం తేలిక. ట్యాప్‌లోంచి పాత ఫ్యూజు మాత్రం తీసేయండి. మీ కొత్త పరికరం ఇంకా పనిచేస్తుంటే సరే. ఆగిపోయిందంటే ట్యాప్‌ని తిప్పి పెట్టండి.

ఏ ఫ్యూజు మీద పెట్టాలి? వైపర్, సాకెట్టు, స్టీరియో లాంటివి మంచివి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఈసీయూ, ఫ్యూయల్ పంపు ఫ్యూజుల జోలికి వెళ్లొద్దు. పసుపు రంగు కనెక్టర్లూ పసుపు తొడుగు ఉన్న వైర్లూ ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి టెస్ట్ ల్యాంపు కూడా ఆనించకూడదు. ఇంకో సంగతి, ఫ్యూజు సైజులు. పాత బండ్లలో మామూలు బ్లేడు, కొత్తవాటిలో మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో అని రకరకాలుంటాయి. ట్యాప్ కొనే ముందు మీ ఫ్యూజు ఒకటి పీకి షాపుకి తీసుకెళ్లండి.

ట్యాప్‌కి వచ్చే వైరు సన్నగా ఉంటుంది. మామూలుగా 10 ఆంపియర్లకు మించి పెట్టొద్దని ప్యాకెట్టు మీదే రాస్తారు. నేనైతే 5 దగ్గరే ఆగమంటాను. కారణం ట్యాప్ కాదు, దాని వెనకున్న కీ స్విచ్చు. మీరు ఎన్ని ట్యాపులు గుచ్చినా చాలా బండ్లలో కరెంటంతా చివరికి కీ వెనకున్న చిన్న రాగి కాంటాక్టుల గుండానే రావాలి. అవి కాలితే కీ తిప్పినా మీటర్ బోర్డు వెలగదు, అది కూడా ఏ అర్ధరాత్రో ఘాట్ రోడ్డు మీదే జరుగుతుంది.

నాలుగో దారి: రిలే

రెండు మూడు వస్తువులు దాటాక, లేదా ఒక్కటైనా 5 ఆంపియర్లు దాటితే, నా సలహా సూటిగా ఇదే. రిలే పెట్టండి. పొలంలో బోరు మోటారు స్టార్టర్ ఎలా పనిచేస్తుందో తెలిసిన రైతుకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. బటన్ నొక్కేది వేలు, మోటారు బరువు మోసేది లోపలి కాంటాక్టర్. ఇక్కడా అంతే. కీ లైను రిలేని లేపుతుంది. అసలు కరెంట్ బ్యాటరీ నుంచి లావాటి వైరులో నేరుగా వస్తుంది.

మామూలు 12 వోల్టుల రిలే కాయిల్‌కి (దాన్ని లేపే లోపలి తీగచుట్టకి) పట్టేది 0.15 నుంచి 0.2 ఆంపియర్. దాని కాంటాక్టులు మోసేది 30, 40 ఆంపియర్లు. అంటే కీ స్విచ్చు మీద ఒక చిన్న ఇండికేటర్ బల్బంత భారం కూడా పడదు. మీ సన్నటి ఏసీసీ వైరో, ఫ్యూజు ట్యాపో ఇక్కడ అద్భుతంగా పనికొస్తుంది. అంటే మూడో దారీ నాలుగో దారీ ఒకదానికొకటి పోటీ కాదు, మంచి ఫిట్టింగ్‌లో రెండూ కలిసే ఉంటాయి.

కాళ్ల నంబర్లు రిలే అడుగునే ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్, ఫ్యూజు గుండా. 87 నుంచి మీ పరికరానికి. 86కి కీ లైను. 85కి బాడీ ఎర్త్. ఐదు కాళ్ల రిలే ఇస్తే 87ఏ అనే కాలు మధ్యలో ఉంటుంది. దాన్ని వదిలేయండి. రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు కరెంట్ వచ్చేది దానికే. పొరపాటున అక్కడ కలిపితే మీ లైట్లు కీ తీశాక వెలుగుతాయి. కాయిల్ ఆగే క్షణంలో వెనక్కి ఒక వోల్టేజీ ఉలికిపాటు వస్తుంది, కాబట్టి లోపల డయోడ్ గానీ రెసిస్టర్ గానీ ఉన్న రిలే అడగండి. ఎలక్ట్రానిక్స్ ఎక్కువున్న బండిలో ఇది అవసరం. డయోడ్ ఉన్నదైతే 86కి ప్లస్, 85కి ఎర్త్ అనే క్రమం తప్పకూడదు.

నాలుగైదు వస్తువులుంటే ప్రతిదానికీ ఒక రిలే పెట్టి బానెట్ కింద గందరగోళం చేయకండి. ఒక్క 40 ఆంపియర్ రిలే, దాని 87 నుంచి ఆరు దారుల చిన్న ఫ్యూజు బాక్సు. ప్రతి పరికరానికీ దానికి తగ్గ ఫ్యూజు. రేపు కొత్తది కొన్నా ఖాళీ గాడిలో ఒక వైరు గుచ్చితే చాలు. మొదటి రోజు ఒక పూట పని ఎక్కువ, కానీ బండి ఉన్నన్నాళ్లూ మళ్లీ డ్యాష్‌బోర్డు విప్పాల్సిన పని ఉండదు.

బంపర్ లైట్లకు మాత్రం ఒక మార్పు చేయండి. వాటి రిలేని కీ లైనుకు కాకుండా హైబీమ్ వైరుకు కలపండి. డిప్ కొట్టగానే అవీ ఆరిపోతాయి. ఎదురొచ్చే బైకువాడి కళ్లలో ఆ తెల్లటి వెలుగు కొట్టి ప్రాణం తీసే హక్కు మనకెవరికీ లేదు. కొన్ని బండ్లలో హెడ్‌లైటు స్విచ్చు ఎర్త్ వైపు పనిచేస్తుంది. అలాంటప్పుడు 85ని బాడీకి వేస్తే రిలే లేవదు. రిలే కాయిల్ రెండు కాళ్లనూ హైబీమ్ బల్బు రెండు కాళ్ల మధ్యే కలపాలి.

రాత్రి ఫ్యాన్ సంగతి

మదనపల్లె టమాటా మార్కెట్ ముందు గానీ, గుంటూరు మిర్చి యార్డు దగ్గర గానీ వరసలో నిలబడిన బండ్లలో డ్రైవర్లు క్యాబిన్‌లోనే నిద్రపోతారు. వాళ్లకి ఫ్యాన్ కావాలి. ఫ్యాన్‌ని ఆన్ లైను మీద పెట్టిన బండిలో డ్రైవరు కీ ఆన్‌లో పెట్టి పడుకుంటాడు. ఫ్యాన్ ఒక్కటే కాదు, ఇంజన్ సర్క్యూట్లన్నీ రాత్రంతా బ్యాటరీ తాగుతూ ఉంటాయి. ఫ్యాన్ ఒక్కటీ తీసుకునేది ఒకటిన్నర ఆంపియర్ అనుకుంటే ఎనిమిది గంటలకు 12 ఆంపియర్ అవర్. బాగున్న బ్యాటరీకి అదొక లెక్క కాదు.

దీనికి నేను చెప్పే ఉపాయం: ఫ్యాన్‌కి వేరే చిన్న రిలే, దాని 86 వైరుకి మూడు స్థానాల స్విచ్చు. పైకి నొక్కితే కీ లైను, మధ్యలో ఆఫ్, కిందికి నొక్కితే 2 లేదా 3 ఆంపియర్ ఫ్యూజు గుండా బ్యాటరీ లైను. పగలు పైకి, యార్డులో రాత్రి కిందికి. ఆ స్విచ్చు గుండా పోయేది 0.2 ఆంపియరే కాబట్టి చిన్న స్విచ్చు కూడా ఏళ్లు నిలుస్తుంది. దీంతోపాటు బ్యాటరీ వోల్టేజీ చూపించే చిన్న మీటరు ఒకటి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ఇంజన్ ఆగి కాసేపయ్యాక 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2కి వచ్చిందంటే సగం అయిపోయింది, ఇక ఫ్యాన్ ఆపేయాలి. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. లేకపోతే తప్పు మీ వైరింగ్‌లో కాదు, ఆల్టర్నేటర్‌లోనో బెల్టులోనో ఉంది.

ఫ్రిజ్ పెట్టేవాళ్లకు వోల్టేజీ చూసి తనంతట తానే కలిసే రిలేలు కూడా దొరుకుతాయి. ఆల్టర్నేటర్ ఛార్జింగ్ మొదలై వోల్టేజీ 13.3 దాటాక కలుస్తాయి, 12.8కి దిగితే విడిపోతాయి. రెండో బ్యాటరీ పెట్టేవాళ్లకు ఇదే సరైనది. సరుకు తోలే మామూలు పికప్‌కి అంత అక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఫోర్డ్ సూపర్ డ్యూటీ లాంటి ట్రక్కు కొంటుంటే, అప్‌ఫిట్టర్ స్విచ్చులు (అదనపు సామాన్ల కోసం పెట్టే స్విచ్చులు) కంపెనీ నుంచే తీసుకునే వీలుంది, ఆ వైరింగ్, ఫ్యూజులు లోపలే సిద్ధంగా ఉంటాయి. ఆ అవకాశం ఉంటే దాన్నే ఎంచుకోండి.

వైరు, ఫ్యూజు, ఎర్త్

ఏ దారి పట్టినా పని చెడేది ఇక్కడే. 120 వాట్ల ఎల్‌ఈడీ బార్‌కి 10 ఆంపియర్లు కావాలి. బ్యాటరీ నుంచి అక్కడికి అయిదు మీటర్ల వైరు, ఎర్త్ బాడీ నుంచి అనుకోండి. 1 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దారిలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది, అది వేడిగా మారుతుంది. రెండున్నర వైరు వేస్తే పోయేది 0.4 వోల్టే. ఫ్యూజు ఉన్నది పరికరాన్ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరుని. అందుకే దాని చోటు బ్యాటరీ పక్కనే, ఓ జానెడు లోపు. పరికరం దగ్గర ఫ్యూజు పెడితే మధ్యలో ఎక్కడ వైరు బాడీకి తగిలినా అది కాలడం ఆగదు. 6 ఆంపియర్ల లోడుకి 7.5 లేదా 10 ఫ్యూజు చాలు. మాటిమాటికీ పోతుంటే కారణం వెతకాలి తప్ప 30 ఆకుపచ్చ ఫ్యూజు గుచ్చకూడదు, ఫ్యూజు బదులు రాగి తీగ అసలే చుట్టకూడదు.

ఎర్త్‌కి పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాక, రింగు లగ్గు నొక్కి బోల్టు బిగించండి. బ్యాటరీ మైనస్ దగ్గర సెన్సర్ ఉన్న కొత్త బండ్లలో ఎర్త్‌ని బ్యాటరీ మైనస్ కాలికి కాకుండా బాడీకే వేయాలి, లేకపోతే ఆ సెన్సర్ లెక్క తప్పుతుంది. జాయింట్లకు టేపు ఒక్కటే చుట్టి వదలకండి. రెంటచింతల, రామగుండం ఎండల్లో బానెట్ కింద టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. లగ్గు నొక్కి హీట్ ష్రింక్ స్లీవు వేయండి. ఇంజన్ గోడ దాటేచోట రబ్బరు బుష్, బయట నడిచే వైరుకి మెలికల గొట్టం, సైలెన్సర్ పైపుకి దూరం. రిలేని కాళ్లు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు లోపల నిలవవు. పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు విప్పండి, అయ్యాక చివర్లో బిగించండి.

ఎవరికి ఏది అంటే: ఒక్క డ్యాష్‌క్యామ్, ఒక ఛార్జర్‌తో సరిపెట్టుకునేవాళ్లకు ఫ్యూజు ట్యాప్ చాలు. వారంటీలో ఉన్న బండి అయితే అదే మేలు. డ్యాష్‌క్యామ్‌కి రాత్రి కూడా రికార్డింగ్ కావాలంటే మూడు వైర్ల కిట్టు కొని, లో వోల్టేజీ కట్ ఆఫ్‌ని (బ్యాటరీ దిగగానే తనంతట తానే ఆపేసే హద్దుని) 12.2 దగ్గర పెట్టుకోండి. లైట్లు, ఫ్యాన్, స్టీరియో ఆంప్లిఫైయర్ కలిసి ఉన్న బండికి రిలే, ఫ్యూజు బాక్సు. సొంతంగా తోలుకునే బండి కాకుండా డ్రైవర్లు మారే బండి అయితే మొదటి దారిని ట్రాకర్‌కి తప్ప దేనికీ వాడకండి.

బిగింపంతా అయ్యాక మేస్త్రీకి డబ్బులిచ్చే ముందు ఒక్క పరీక్ష చేయించండి. కీ తీసి, తలుపులు మూసి, పది ఇరవై నిమిషాలు ఆగి, బ్యాటరీ మైనస్ విప్పి ఆ కాలికీ వైరుకీ మధ్య మీటరుని 10 ఆంపియర్ల స్థానంలో కలపండి. మొదట్లో కాస్త ఎక్కువ చూపించి తగ్గుతుంది. తగ్గాక 0.05 ఆంపియర్ దగ్గరో దాని లోపో ఉండాలి. ట్రాకర్ ఉంటే అది తీసుకునేది ఇంకొంచెం కలుస్తుంది. అంతకంటే బాగా ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ చూడండి, అంకె పడిపోయిన చోట తప్పు దొరుకుతుంది. మీటరు అలా కలిపి ఉన్నంతసేపు మాత్రం ఎవరినీ కీ తిప్పనివ్వకండి. సెల్ఫ్ మోటారు లాగే వందల ఆంపియర్లకు మీటరు ఫ్యూజు వెంటనే పోతుంది.